ఒక వరస మారింది

కంప్యూటరు మొరాయిస్తే లోకంలో అందరూ కంప్యూటరు దగ్గరికి పరిగెత్తుతారు. సూత్రధారి గారు మాత్రం మనుషుల మీద పడతారు. కనబడిన వాళ్ళనల్లా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఒకరిని ప్రోగ్రాము చేసి, ఒకరిని తీగ చేసి, ఇంకొకరిని తలుపుగా నిలబెట్టి, జరిగిందంతా నాటకం ఆడించి చూస్తే తప్ప ఆయన కీబోర్డు ముట్టుకోరు. ఆ బస్సుల కంపెనీలో ఆయన ఉద్యోగం డేటాబేసు చూసుకోవడం. అసలు పేరేమిటో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

కౌంటరక్కయ్యకి ఆయనతో తొలి పరిచయం తలుపు హోదాలోనే జరిగింది. కౌంటరక్కయ్య అంటే ఆ కంపెనీలో పోయిన సామాన్ల గది చూసే ఆవిడ. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులు, సంచులు, కళ్ళజోళ్ళు, తాళంచెవులు, ఒకసారైతే ఒకాయన కట్టుడుపళ్ళు, అన్నీ ఆవిడ దగ్గరికే చేరతాయి. వాటి వివరాలు కంప్యూటరులో ఎక్కించి, నంబరు అంటించి, బీరువాల్లో సర్దడం ఆవిడ పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు తెర మీద 'కనెక్షన్ దొరకలేదు' అని వచ్చింది. తానేం ముట్టుకుందోనని హడలిపోతూ సూత్రధారి గారికి కబురు పెట్టింది.

"తలుపు తీసి ఉందా?" అన్నారాయన వస్తూనే.

"ఉందండీ. మీరు లోపలికి వచ్చారుగా."

"ఈ తలుపు కాదమ్మా, డేటాబేసు తలుపు. అలా పక్కకి నిలబడు. ఇప్పుడు నువ్వే తలుపువి."

ఆవిడ తలుపయింది. అటుగా పోతున్న వాచ్‌మన్‌ని పిలిచి తీగ పాత్ర ఇచ్చారు. "ఆ గోడ దగ్గర మొదలై ఈ పెట్టె దాకా నువ్వే ఉన్నావు. సాగు" అన్నారు. వాచ్‌మన్ నేలమీద పడుకుని, కాళ్ళు పెట్టెకి ఆనించి, చేతులు గోడవైపు చాపాడు. అంతలో మేనేజరు ఊడిపడ్డాడు. కంప్యూటర్ల గురించి మేనేజరుకి తెలిసిన ప్రశ్న ఒక్కటే.

"ఎవరు చేశారు?"

"ఇంకా తీగ సాగుతోంది సార్, కాస్త ఆగండి" అన్నారు సూత్రధారి గారు. "ఏం తీగా, గోడ అందిందా?"

"అందలేదు సార్" అంది తీగ. "గోడ దగ్గర నేను లేను సార్."

"ఎందుకు లేవు?"

తీగ ఒక చెయ్యి వెనక్కి తీసుకుని బుర్ర గోక్కుంది. "అక్కడ నా ఫోను ఛార్జింగులో ఉంది సార్."

గదిలో నవ్వని వాళ్ళు లేరు. మేనేజరు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత నవ్విన తరువాత పడుకున్న తీగని పట్టుకుని 'ఎవరు చేశారు' అని అడగడం ఏం బాగుంటుంది. వాచ్‌మన్ లేచి, చొక్కా దులుపుకుని, ఫోను తీసి, తీగని దాని చోట గుచ్చాడు.

ఇలాంటివి ఒకటా రెండా. ఒకసారి మిట్టమధ్యాహ్నం డేటాబేసు ఎవరినీ లోపలికి రానివ్వనంది. సూత్రధారి గారు కంపెనీలో ఉన్న వాళ్ళందరినీ తీసుకెళ్ళి టీ గదిలో కూరారు. అది ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాల్సిన గది.

"టీ తాగినవాళ్ళు బయటికి పోవచ్చా సార్?" అన్నాడు కుర్ర ప్రోగ్రామరు, ఎవరిదో మోచెయ్యి తన చెవిలో ఉండగా.

"పొమ్మని నీకెవరైనా చెప్పారా?"

"చెప్పలేదు."

"చెప్పందే పోకూడదు. అక్కడే ఉండు."

ఈలోగా మేనేజరు తన టీ కోసం వచ్చాడు. వేలు పెట్టడానికి చోటు లేదు. "తాగినవాళ్ళు ఇంకా ఇక్కడేం చేస్తున్నారయ్యా?" అని కేకలేశాడు. ఆ కేకతో కుర్ర ప్రోగ్రామరు ముఖం వెలిగింది, మరుక్షణం పాలిపోయింది. వాడు రాసిన ప్రోగ్రాము కనెక్షన్ తీసుకోవడమే గాని, పని అయ్యాక తిరిగి ఇవ్వడం లేదు. గుమ్మంలోంచి పాక్కుంటూ పోయి, గప్‌చుప్‌గా ఒక వాక్యం చేర్చి వచ్చాడు. ఆ రోజు కనెక్షన్లన్నీ పట్టుకు కూర్చున్నదెవరో మేనేజరుకి నేటికీ తెలియదు. ఆయనకు గుర్తున్నదల్లా టీ దొరకలేదన్న సంగతే.

నాటకంలో డేటాబేసు వేషం మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వరు. స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంటారు. "డేటాబేసు అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగనిది చచ్చినా చెప్పదు" అనేది ఆయన తిరుగులేని సిద్ధాంతం. లేనిదాన్ని అడిగితే, కళ్ళు మూసుకునే "వరసలు సున్నా" అంటారు. డేటాబేసులో ఒక్కో వస్తువు వివరాలూ ఒక్కో వరస. కుర్ర ప్రోగ్రామరు మొదట్లో దాన్ని ఇంగ్లీషులో 'రో' అంటూ, 'రోలు' రాలేదు, 'రోలు' వచ్చాయి అంటుండేవాడు.

"ఇంట్లో రోలున్నా పనికొస్తుంది, ఇక్కడెందుకు? వరస అను" అని దిద్దారాయన. "డేటాబేసు చుట్టాలిల్లు లాంటిది నాయనా. ఎవరికి వాళ్ళ వరస ఉంటుంది. వరస తప్పి పిలిస్తే పలికేవాడుండడు."

తెర మీద వచ్చే సందేశాలన్నీ కూడా ఆయనే తెలుగులో రాసి పెట్టారు. ఏదైనా దిద్దితే 'ఒక వరస మారింది' అని, చెరిపితే 'ఒక వరస పోయింది' అని వచ్చేది. పోయిన సామాన్ల గదిలో ఆ రెండోది చదివినప్పుడల్లా కౌంటరక్కయ్య గుండె ఒక్క లిప్త ఆగి కొట్టుకునేది.

ఆయన భార్యని కౌంటరక్కయ్య ఒకే ఒకసారి చూసింది. ఏదో కాగితం ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు సూత్రధారి గారు లోపలికి చూసి "మంచినీళ్ళు" అన్నారు. లోపలి నుంచి "ఎన్ని? ఎవరికి? చల్లవా, మామూలువా?" అని వినబడింది. ఆయన మురిసిపోతూ "చూశావా, షరతు లేని ప్రశ్న మా ఇంట్లో చెల్లదు" అన్నారు.

"షరతు పెట్టకపోతే ఏమవుతుందో అనుభవించాను కదమ్మా" అంది ఆవిడ గ్లాసుతో బయటికొచ్చి. "పెళ్ళయిన కొత్తలో ఈయనతో 'చీరలు పంపించండి, చూస్తాను' అన్నాను. ఏ రంగో, ఎన్నో చెప్పలేదు. కొట్లో ఉన్నవన్నీ బండికెత్తించి పంపారు. వెనక్కి మోయించేసరికి మా అన్నయ్యకి నడుం పట్టేసింది."

ఇలా రోజులు నవ్వుకుంటూ పోతుండగా కంపెనీకి కొత్త కంప్యూటర్లు, కొత్త పద్ధతి వచ్చాయి. ఇకమీదట బస్సులో ఏదైనా పోగొట్టుకున్నవాళ్ళు తమ ఫోనులోనే దాని పేరు కొట్టి వెతుక్కోవచ్చు. కౌంటరక్కయ్యకి కొత్త కీబోర్డు కూడా వచ్చింది. పాతదాంట్లో కొన్ని మీటలు ఏనాడో చచ్చి ఊరుకున్నాయి. కొత్తదాంట్లో అన్నీ వెన్నలా దిగుతున్నాయి. ఆవిడకి పండగలా ఉంది.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. కొత్త పద్ధతి తీరే విడ్డూరంగా ఉంది. గొడుగు పోయిందని వెతికితే గొడుగు దొరుకుతోంది. సంచి పోయిందని వెతికితే ఏమీ లేదంటోంది. టోపీ ఉంది, గడియారం లేదు. కళ్ళజోడు ఉంది, పుస్తకం లేదు. తాళంచెవి పోయినవాళ్ళు ఇంటి బయట నిలబడి ఫోను చేసి తిట్టారు. కౌంటరక్కయ్య స్వయంగా వెతికినా అదే తంతు. సంచులు ఎదురుగా బీరువాలో గుట్టపడి ఉన్నాయి, కంప్యూటరు మాత్రం ఈ కంపెనీ బస్సుల్లో ఎవరూ ఏనాడూ సంచి మరిచిపోలేదని సాధిస్తోంది.

సంచులంటే కంటికి కనబడతాయి కాబట్టి ఎలాగో తీసి ఇచ్చింది. చిక్కంతా ఉంగరంతో వచ్చింది. ఒక భారీకాయుడైన దర్జీ, వేలు వాచిందని ఉంగరం తీసి జేబులో వేసుకుని, కొత్త కంప్యూటర్లు వచ్చే ముందే బస్సులో జారవిడిచాడు. విలువైన వస్తువులు సీలువేసిన కవర్లలో లాకరులో ఉంటాయి. కవరు మీద నంబరే తప్ప పేరుండదు. ఏ నంబరో కంప్యూటరు చెప్పాలి. ఊరికే సీళ్ళు విప్పడానికి వీల్లేదు. దర్జీ రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు, బెంచీ కిర్రుమనేది.

"ఇవాళైనా దొరికిందామ్మా?"

"లేదన్నయ్యా. కానీ ఉంది. నా చేత్తో నేనే ఎక్కించాను, నాకు గుర్తుంది."

"ఆ మాట మా ఆవిడకి నువ్వే చెప్పాలమ్మా. ఉంగరం లేనిదే ఇంట్లో అన్నం లేదంది. నా కొలతలు చూడు, నేను పస్తులుండే మనిషినేనా?"

శనివారం నాటికి ఫిర్యాదులు పై ఆఫీసుకి చేరాయి. మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అందరినీ పిలిచి, "ఎవరు చేశారో సోమవారం పొద్దున్న ఇక్కడే తేలుస్తాను. చేసినవాళ్ళు ఆ మధ్యాహ్నం భోజనం ఇంట్లో చేస్తారు. మర్నాడూ ఇంట్లోనే. ఆ మర్నాడూ ఇంట్లోనే" అన్నాడు.

కౌంటరక్కయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. సామాన్లు ఎక్కించేది తాను తప్ప మరొకరు కాదు. ఏం తప్పు చేసిందో తెలియదు గాని, తప్పంటూ ఉంటే అది తనదే. అత్తగారి మందుల నుంచి పిల్లల ఫీజుల దాకా ఇల్లంతా ఈ కౌంటరు మీద నడుస్తోంది. అదొక్కటే కూడా కాదు. ఆ గదన్నా, దిక్కులేని ఆ గొడుగులన్నా ఆవిడకి ప్రాణం. అవి ఎవరి చేతుల్లో పడతాయోనన్న బెంగ కూడా పట్టుకుంది.

సాయంత్రం సూత్రధారి గారు గదిలోకి వచ్చారు. నాటకం ఊసెత్తలేదు.

"ఆ ఉంగరం ఏ కీబోర్డుతో ఎక్కించావమ్మా?"

"పాతదాంతో సార్."

"అదెక్కడుంది?"

"అదిగో, ఆ అట్టపెట్టెలో. పారెయ్యడానికి మనసొప్పలేదు."

ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క మీటా నొక్కి చూశారు. ఒకచోట ఆగి, అదే మీట మళ్ళీ మళ్ళీ నొక్కారు. తరువాత కళ్ళెత్తి, గోడ మీద మేనేజరు అంటించిన నోటీసులకేసి చాలాసేపు చూశారు. మేనేజరు నోటీసులు ఎవరిచేతా కొట్టించడు, ఒంటి వేలితో తానే కొట్టుకుంటాడు. అందుకేనేమో వాటిలో సున్నలు పక్క అక్షరాలకంటే పొడుగ్గా, కోడిగుడ్లలా కనబడతాయి. 'అ0దరూ సమయానికి రావలెను. ఆలస్య0 సహి0చబడదు.'

"భేషుగ్గా ఉంది" అని సూత్రధారి గారు వెళ్ళిపోయారు. మీట సంగతో, నోటీసు సంగతో కౌంటరక్కయ్యకి బోధపడలేదు.

సోమవారం పొద్దున్న గదిలో కాలు పెట్టే చోటు లేదు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఎవరు..."

"ముందు పాత్రలు సార్" అన్నారు సూత్రధారి గారు. దర్జీకేసి తిరిగి, "మీరు ప్రయాణికుడు. కొత్తగా నటించేదేమీ లేదు, మీలాగే ఉండండి" అన్నారు. కుర్ర ప్రోగ్రామరు ప్రోగ్రాము అయ్యాడు. వాచ్‌మన్‌కి ఈసారి తలుపుగా పదోన్నతి దొరికింది. ఆయన లాకరు ముందు స్టూలేసుకుని డేటాబేసుగా కళ్ళు మూసుకున్నారు.

"మరి నేను సార్?" అంది కౌంటరక్కయ్య.

"నువ్వు ప్రేక్షకురాలివి. ప్రేక్షకులు మాట్లాడకూడదు."

నాటకం మొదలైంది. దర్జీ తన ఫోనులో 'ఉంగరం' అని కొట్టి చూపించాడు. ప్రోగ్రాము ఆ ప్రశ్న పట్టుకుని వెళ్ళి తలుపు తట్టాడు.

"ఎవరు?" అన్నాడు వాచ్‌మన్, తనకు అలవాటైన పని కాబట్టి బ్రహ్మాండంగా.

"ప్రోగ్రాముని."

"పాస్‌వర్డ్?"

ప్రోగ్రాము చెవిలో ఊదాడు. తలుపు పక్కకి జరిగింది.

"ఉంగరం ఉందా?"

"వరసలు సున్నా" అంది డేటాబేసు. తరువాత కళ్ళు తెరవకుండానే మేనేజరుతో అన్నారు. "చూశారా సార్. తలుపు తీసింది. పాస్‌వర్డ్ కుదిరింది. ప్రశ్న నా దాకా వచ్చింది. జవాబూ వెళ్ళింది. ఇన్ని బాగుండి కూడా లేదంటున్నానంటే, నా దగ్గర ఉన్న పేరొకటి, మీరు పిలుస్తున్న పేరొకటి."

"మరి ఆ పేరు ఎక్కించిందెవరు?" అన్నాడు మేనేజరు.

అందరి తలలూ ఒక్కసారి కౌంటరక్కయ్యవైపు తిరిగాయి. ఆవిడ లేచింది. దాచుకుని బతకడం చేతకాని మనిషి. "సార్, నేను..."

"ప్రేక్షకులు మాట్లాడకూడదని చెప్పాను" అన్నారు సూత్రధారి గారు. కళ్ళు మూసుకుని ఉన్నా ఆ గొంతులో ఎన్నడూ లేని కరుకుదనం ఉంది. ఆవిడ ఠక్కున కూర్చుండిపోయింది. "ఎక్కించే పాత్ర మిగిలిపోయింది సార్. అది అందరికీ నప్పే పాత్ర కాదు. కొట్టి కొట్టి తిరిగిన వేలు కావాలి. ఇన్ని నోటీసులు కొట్టిన చెయ్యి మన దగ్గర ఒక్కటే ఉంది."

మేనేజరు పొంగిపోయాడు. కంప్యూటరు ముందు కూర్చుని, వెతికే గడిలో 'ఉంగరం' కోసం చూపుడువేలు ఒకసారి గాల్లో తిప్పి 'ఉ' కొట్టాడు. తరువాత వేలు కీబోర్డంతా ఒక ప్రదక్షిణ చేసి, తిన్నగా పైకి, అంకెల వరసలోకి పోయి, చివర తొమ్మిది పక్కనున్న సున్నా మీద దిగింది.

అది చూసేసరికి కౌంటరక్కయ్యకి సంగతి బోధపడింది. పాత కీబోర్డులో అక్షరాల సున్న మీట చచ్చిపోయినప్పుడు తాను చేసిందీ అదే. అంకెల సున్నాతో సరిపెట్టుకుంది. ఆ పాత తెర మీద రెండూ ఒక్కలాగే గుండ్రంగా ఉండేవి. వెతికేటప్పుడూ అదే కొట్టేది కాబట్టి అన్నీ దొరికేవి. కొత్త కీబోర్డులో అసలు సున్న పనిచేసేసరికి అది కొట్టడం మొదలుపెట్టింది. సున్న లేని గొడుగు దొరికింది, సున్న ఉన్న సంచి పోయింది. ఇన్నేళ్ళుగా ఎక్కించిన సంచులు, పుస్తకాలు, గడియారాలు, తాళంచెవులు, అన్నిటిలోనూ అంకెలే.

"వరసలు ఒకటి" అన్నారు సూత్రధారి గారు. తెర మీదా అదే వచ్చింది. ఉ0గర0, ఎర్ర రాయి, లాకరు, మూడో అర, కవరు నంబరుతో సహా.

దర్జీ బెంచీ మీంచి లేచిన ఊపుకి బెంచీ అవతలి కొసన కూర్చున్నవాడు కింద పడ్డాడు. సీలు విప్పారు. ఉంగరం వేలికి ఎక్కలేదు గాని, దర్జీ దాన్ని చిటికెనవేలికి తగిలించుకుని, మేనేజరు రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "ఇంతమంది వల్ల కానిది మీరు పట్టుకున్నారు బాబూ. మీకు జీవితాంతం చొక్కాలు నేనే కుడతాను."

మేనేజరు చేతులు విడిపించుకుని, అలవాటు కొద్దీ మళ్ళీ మొదలుపెట్టాడు. "అయితే తప్పు కొట్టిందెవరు?"

"ఎక్కించినవాళ్ళు అంకె సున్నా కొట్టారు సార్. అచ్చం ఇప్పుడు మీరు కొట్టినట్టే" అన్నారు సూత్రధారి గారు. "మీరు కొట్టింది తప్పంటారా?"

మేనేజరు తెరకేసి చూశాడు. గోడకేసి చూశాడు. గోడ నిండా కోడిగుడ్లు.

"తప్పేముంది" అన్నాడు చివరికి. "సున్నా సున్నాయే కదా."

"అదే సార్ నేననేదీ. మనిషికి సున్నా సున్నాయే. కంప్యూటరుకే రెండు సున్నాలు. దానికి మనమే సర్దిచెప్పాలి."

"అయితే సర్దిచెప్పండి" అని మేనేజరు విచారణ ముగించేసి, దర్జీ చేత కొలతలు తీయించుకోవడానికి తన గదిలోకి వెళ్ళాడు.

సూత్రధారి గారు అప్పుడు కీబోర్డు ముట్టుకున్నారు. పేర్లలో అంకె సున్నా ఉన్నచోటల్లా అక్షరం సున్న పెట్టమని ఒక ఆజ్ఞ రాశారు. కౌంటరక్కయ్య ఆయన వెనకాల నిలబడింది. ఇప్పుడు తెర మీద ఎన్ని వేల వరసలు మారాయని వస్తుందో, తన నిర్వాకం ఎంతో బయటపడుతుందో అని పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

'ఒక వరస మారింది.'

ఆవిడ రెండోసారి చదివింది. ఒకటే. చప్పున తన కంప్యూటరు దగ్గరికి పోయి 'సంచి' అని కొట్టింది. కంపెనీ పుట్టినప్పటి నుంచి పోయిన సంచులన్నీ బిలబిలా దిగాయి. పుస్తకాలూ వచ్చాయి, గడియారాలూ వచ్చాయి. ఏదీ ఈ క్షణంలో మారింది కాదు.

గుమ్మంలో వాచ్‌మన్ పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు. "ఆదివారం పొద్దస్తమానం ఇక్కడే కూర్చున్నారక్కా సారు. ఒక్క దెబ్బన మార్చేస్తే కుదరదంట. పేర్ల పక్కనే బస్సు నంబర్లు కూడా ఉన్నాయిగా, పదో నంబరు బస్సులో సున్నా కూడా అక్షరమైపోతుందంట. అందుకని నంబర్లన్నీ వేరే గడిలోకి జరిపి, ఒక్కొక్కటీ చూసి మార్చారు. ఏం చేస్తున్నారు సార్ అంటే, బియ్యంలో రాళ్ళేరుతున్నానన్నారు. అన్నీ ఏరేశారా అంటే, ఒక్కటుంచాను, అది మేనేజరు గారి పంటికిందకి అన్నారు. నాకేం అర్థం కాలేదక్కా."

కౌంటరక్కయ్యకి అర్థమైంది. ఆ ఒక్కటీ ఎందుకుంచారో, తనని మాట్లాడనివ్వకుండా ఎందుకు కసిరారో అర్థమైంది. నేలమీద సాగిన తీగ గుర్తొచ్చింది, టీ గదిలోంచి పాక్కుంటూ పోయిన కుర్రాడు గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళ నాటకాల్లో ఆయనకి ముందే తెలియని కథ ఒక్కటైనా ఉందా అని అనుమానం వచ్చింది. కడుపు నిండిపోయినట్టయింది.

టీ కప్పు పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు.

"సార్, మిగతావన్నీ ఆదివారమే మార్చేశారు కదా?"

"వరసలు సున్నా" అన్నారు కళ్ళు తెరవకుండా.

"తప్పు నాదని మీకు శనివారమే తెలుసు."

"వరసలు సున్నా."

ఆవిడ కాసేపు ఆలోచించింది. అడిగే తీరులో అడగందే ఈయన పలకరు. ఎలా పిలవాలో తెలియనట్టు ఇన్నేళ్ళూ సార్ సార్ అంటూ గడిపేసింది. కప్పు బల్ల మీద పెట్టి, చెంగు సర్దుకుని అంది.

"బాబాయ్ గారూ, టీ చల్లారిపోతోంది."

ఆయన ఒక కన్ను తెరిచారు.

"ఒక వరస మారింది" అని కప్పు అందుకున్నారు.